బ్లాజెనా ఎవరికి కనిపిస్తుంది

మా త్రెబోన్ ఊరి చెరువుగట్టు మీదున్న నాచు ల్యాబుకు బ్లాజెనా ఏడింటికల్లా వస్తుంది. బూట్లు విడిచి చెప్పులు తొడుక్కుంటుంది. గ్లాసులో కాఫీ పొడి వేసి మరిగే నీళ్లు పోసుకుంటుంది. ఎవరి పని నిలబడట్లేదో వాళ్ల పక్కన కూర్చుంటుంది. పని నిజంగా పూర్తయిన మరుక్షణం వాళ్లకిక ఆమె కనిపించదు. పాతకాపుల్లో సగం మంది ఖాళీ కుర్చీ అనుకుని ఆమె ఒళ్లో సంచులు పెట్టి పోతుంటారు. ఆమె తీసి కింద పెడుతుంది.

ఆకుపచ్చ కణాల్లోనూ ఇదే తంతు. వెలుగును తాగే యంత్రం ఇంకా విడిభాగాలుగా ఉన్నప్పుడు సహాయక ప్రోటీన్లు వాటిని పట్టుకుని, మాడిపోకుండా కాచి, ఒకదానితో ఒకటి కలుపుతాయి. యంత్రం నిలబడగానే తప్పుకుంటాయి. తర్వాత వెతికినా జాడ ఉండదు.

డైరెక్టర్ క్రుపిచ్కా అలాంటి ప్రోటీన్ ఒకదాన్ని కనిపెట్టి ఇరవై ఆరేళ్లయింది. అప్పటి నుంచి బ్లాజెనా పలకరించినా ఆయన తల తిప్పడు. ఆ పరిశోధన ఎంత గట్టిదో చెప్పడానికి ఇంకో రుజువెందుకు అనుకునేవాళ్లం అందరం.

ఆ ప్రోటీన్ తీసేసి పాలిపోయేలా చేసిన నాచుకు, రద్కా అనే అమ్మాయి మరో జాతి నాచు నుంచి అదే ప్రోటీన్ తెచ్చి ఇచ్చింది. శుక్రవారంలోగా నాచు పచ్చబడకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. గురువారం పొద్దున చూస్తే సీసా నిండా పచ్చదనం!

రద్కాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం దక్కింది గానీ మూడేళ్లు పక్కన కూర్చున్న మనిషి ఇక కనిపించదనుకుంది.

"ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయారే బ్లాజెనా గారూ!" అంది పక్కకు తిరగకుండానే.

"ఎక్కడికే? ఇక్కడే ఏడిశాను" అంది బ్లాజెనా, పక్క కుర్చీలో గసగసాల రొట్టె నములుతూ.

రద్కా గబుక్కున తిరిగింది. ఈమె ఇంకా కనిపిస్తోందంటే ఆ పచ్చదనం ఎవరిది? సీసాలోంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. పక్క సీసాలోని మామూలు నాచు ఎలాగో ఇందులో పడి పెరిగిపోయింది. తన నాచు దాని మధ్య పాలిపోయే ఉంది.

డైరెక్టర్ గదిలోకి పరిగెత్తింది. బ్లాజెనా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. క్రుపిచ్కా, రద్కా నాచు పచ్చబడిందని ప్రాగ్‌లోని పై ఆఫీసుకు పంపే ప్రకటన మీద సంతకం పెట్టబోతున్నాడు.

"ఆపండి సార్! పచ్చబడింది నా నాచు కాదు. బ్లాజెనా గారు నాకింకా కనిపిస్తున్నారు."

"పిచ్చిపిల్లా! గుమ్మంలో నిలబడి రొట్టె తినే మనిషి కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

రొట్టె సంగతి రద్కా చెప్పనే లేదు.

ఇరవై ఆరేళ్లు! ఇరవై ఆరేళ్లు చూడనట్టు నటించాడా ఈ మనిషి!

క్రుపిచ్కా కలం కింద పెట్టాడు. "పరిశోధన అచ్చయిన రోజు కూడా కనిపించారు" అన్నాడు బ్లాజెనాతో. "చూడకుండా ఉంటే చాలనుకున్నాను."

"నాకు తెలుసండీ. నేను కనపడనివాళ్లు నన్ను గుద్దుకుంటారు. మీరేమో పక్కకు తప్పుకునేవారు."

"అయితే సార్, మూడేళ్లుగా నా చేతిలో పచ్చబడనిది..." అంది రద్కా.

"నీ తప్పు కాదమ్మా. దాన్ని తీసేటప్పుడు ఇంకేదో కూడా తెగి నాచు పాలిపోయింది. అసలు ఆ పని చేసే ప్రోటీన్ అది కాదు."

ఆయన ప్రకటనను తిరగేసి, తన పరిశోధన తప్పని రాశాడు. దాని కింద రద్కాకు ఇంకో రెండేళ్లు ఇమ్మని రాసి సంతకం పెట్టాడు. తలెత్తి గుమ్మం వైపు చూశాడు. గది నాలుగు మూలలా చూశాడు.

"బ్లాజెనా గారూ?" అన్నాడు బెదిరిపోయి.

ఆమె ఆయన పక్కనే నిలబడి, భుజం మీద చెయ్యి వేసి ఉంది.