గుక్క ఇవ్వని పెట్టె

పంతొమ్మిదేళ్లు ఆ డాన్సు హాల్లో డీజేగా పనిచేశాను. ఎవరైనా "ఏముందమ్మా, ఒక పాట అయ్యాక ఇంకో పాట వేయడమేగా" అంటే నాకు ఒళ్లు మండుతుంది. వంటంటే పొయ్యి వెలిగించడమేనా? నేను చూసేది ముఖాలు కాదు, కాళ్లు. ముఖం అబద్ధం చెబుతుంది, మడమకు అబద్ధం చేతకాదు. మడమలు నేలకు అతుక్కుంటున్నాయంటే మనుషులు అలిసిపోయారన్నమాట. అప్పుడు బీట్ కొంచెం కొంచెంగా దించి, ఎవరికీ తెలియకుండా ఒక నెమ్మది పాటలోకి జార్చేస్తాను. జనం గోడ వెంబడి కుర్చీల్లో కూలబడి, నీళ్లు తాగి, కబుర్లు చెప్పుకుంటారు. దానికి నేను పెట్టుకున్న పేరు గుక్క.

అది నేను నేర్చుకున్నది మా చెల్లి కోసం. చిన్నప్పటి నుంచీ దాని గుండె కొంచెం తేడా. "డాన్స్ చెయ్యమ్మా, కానీ అరగంటకోసారి కూర్చోవాలి" అన్నాడు డాక్టరు. కూర్చోవడమా, అదా! పాట నడుస్తుంటే దాన్ని కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే పాటనే నెమ్మది చేయడం మొదలెట్టాను. ఎప్పుడైనా నేను ఆలస్యం చేస్తే అది కింద నుంచి నా అద్దాల గది వైపు రెండు వేళ్లు ఎత్తి చూపించేది. గుక్క ఇవ్వవే అని. "నాకేం భయం, పైన మా అక్క ఉందిగా" అని అందరి దగ్గరా గొప్పలు పోయేది.

ఈ ఏడాది ఓనరు ఒక పెట్టె తెచ్చాడు. దాన్ని మూడు నెలలు నా మిక్సర్‌కు తగిలించారు, పైకప్పుకు నాలుగు కెమెరాలు పెట్టారు. నేను ఏ పాటలో ఏ పాట కలుపుతున్నానో, అప్పుడు జనం ఏం చేస్తున్నారో చూసి ఆ పెట్టె నేర్చుకుంటుందట. దాన్ని బిగించిన కళ్లద్దాలాయన మహా మర్యాదస్తుడు. "మీ చెయ్యి ఎప్పటికీ ఉండిపోతుంది మేడమ్" అన్నాడు. చెయ్యి ఉంటుంది సరే, మరి నేనెక్కడుంటానో ఆయన చెప్పలేదు.

ఇన్నేళ్ల విద్య ఒక డబ్బాకు అప్పనంగా అప్పజెప్పాలా? ఆ మూడు నెలల్లో ఒక్కటంటే ఒక్క గుక్క ఇవ్వలేదు. అలిసిపోయి ఎవరైనా తలుపు వైపు నడిస్తే, వాళ్లకిష్టమైన పాట అందుకుని వెనక్కి లాగాను. అది నాకు చిటికెలో పని. "ఇదే నేర్చుకో, నీ మొహానికి ఇది చాలు" అని పెట్టెకు రోజూ వినిపించేలా అనేదాన్ని. చెల్లితో మాత్రం హాలు రిపేర్లో ఉంది, రావద్దని చెప్పాను. నిజం చెబితే నన్ను చెడామడా తిట్టేది.

మూడు నెలలయ్యాక "ఇక విశ్రాంతి తీసుకోండమ్మా" అని ఓనరు నన్ను సాగనంపాడు. పెట్టె ఎప్పుడు బోల్తా కొడుతుందా, ఎప్పుడు నా కాళ్లు పట్టుకుంటారా అని ఇంట్లో కూర్చున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చి ఫోన్ చూస్తే చెల్లి మెసేజ్ ఉంది. "హాలు తెరిచారని చెప్పనేలేదేంటే దొంగమొహమా! గోడ మీద నీ పేరు చూసి వచ్చేశా. గంటన్నర నుంచి దంచుతున్నావు. ఇంకా గుక్క ఇవ్వవా?"

అది పంపి ఇరవై నిమిషాలయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

హాలు బయట నా పేరు ఆనపకాయంత అక్షరాల్లో ఉంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో "వారి శైలిలో" అని రాశారు. లోపల గోడ వెంబడి కుర్చీలన్నీ ఖాళీ. పైన నా గది అద్దానికి నల్ల కాగితం అంటించేశారు. ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ తలుపు దాకా వచ్చింది. అంతలో పాట మారింది. ఆవిడ "అయ్యో, ఈ పాటా!" అని నవ్వి మళ్లీ లోపలికి తిరిగింది. పాటతో మనిషిని అలా వెనక్కి తిప్పడం నా పద్ధతే.

"చూశారా మేడమ్, ఒక్కరు కూడా కూర్చోలేదు!" అన్నాడు కళ్లద్దాలాయన ఎదురొచ్చి.

"ఆపవయ్యా బాబూ! మా చెల్లి ఉంది లోపల, దానికి గుండె బాగోలేదు. ఏదైనా నెమ్మది పాట వెయ్యి!"

"మనం చెబితే వినదండీ. మీరు చేసిందే అది చేస్తుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ మూడు నెలల్లో మీరు ఒక్క నెమ్మది పాటా వేయలేదు కదా."

ఆయన్ని పక్కకు నెట్టి జనంలో చెల్లి కోసం వెతికాను.

చెల్లి సరిగ్గా హాలు మధ్యలో ఉంది. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది, పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. మడమలు లేవడం లేదు, ఈడుస్తోంది. అయినా నవ్వుతూనే ఉంది. ఆ నల్ల అద్దం వైపు రెండు వేళ్లు ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. "కూర్చోవే! అది నేను కాదే!" అని గొంతు చించుకున్నాను. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు.

తలుపు పక్కన మెయిన్ స్విచ్ ఉంది. బలమంతా పెట్టి కిందికి లాగాను.

పాట ఆగింది. జనం "ఓ..." అని మూలిగారు. చెల్లి ఉన్నచోటే మెల్లగా కూర్చుండిపోయింది. నేను జనాన్ని తోసుకుని వెళ్లి దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. ఒళ్లు చన్నీళ్లలో ముంచి తీసినట్టుంది. "అంబులెన్సుకి చెయ్యండయ్యా ఎవరైనా!" అని అరిచాను.

"చచ్చేలా ఆడించావే అక్కా" అంది చెల్లి. ఊపిరి అందడం లేదు దానికి. "గుక్క ఇంత ఆలస్యమా?"

"తప్పయిపోయిందే. తప్పు నాదే. మాట్లాడకు, నెమ్మదిగా గాలి పీల్చు."

ఇంతలో పైన టిక్‌మని ఏదో చప్పుడైంది. పెట్టెకూ స్పీకర్లకూ వేరే బ్యాటరీ పెట్టారట, అది నాకు తరువాత తెలిసింది. ఆగిన చోటు నుంచి బీట్ మళ్లీ అందుకుంది, అచ్చం నేను అందుకున్నట్టే. జనం కేరింతలు కొట్టారు.

చెల్లి ఉలిక్కిపడింది. నా ముఖంలోకి చూసి, తల తిప్పి ఆ నల్ల అద్దం వైపు చూసింది.

"నువ్విక్కడుంటే, మరి పైన ఎవరే?"

దాని రెండు చెవులూ నా చేతులతో గట్టిగా మూసేశాను. బీట్ నేలలోంచి వస్తూనే ఉంది. దాని మడమ ఆ బీట్‌కే మెల్లగా కదిలింది.