పొయ్యి వెలగని వీధి

సత్తియ్య జైల్లో చచ్చిపోయాడన్న కబురు సి.ఐ. స్వయంగా జీపులో మోసుకొచ్చాడు. గుండెపోటట. చెరుకు కొట్టేవాళ్ళకు సంఘం పెట్టినందుకు ప్రజాభద్రత చట్టం కింద లోపలేసినప్పుడు ఆ మనిషి గుండె రాయిలా ఉండేది. శవం ఊరికి రాకూడదు, నలుగురు గుమిగూడకూడదు, భార్య వేలిముద్ర వేస్తే అనకాపల్లిలోనే కాల్చేస్తారట. శవాన్ని ఫోటో తీసిన విలేకరి కెమెరా లాక్కున్నారు. మర్నాడు పేపర్లో ఒక్క ముక్క రాలేదు.

సత్తియ్య భార్య బుల్లమ్మ ఏడవలేదు. అరుగు మీద కూచుంది.

"మా ఇంటాయన్ని ఈదిలోకి తెండి. అప్పుడేత్తాను ముద్ర," అంది.

చావు జరిగితే శవం లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు. ఇది ఏ సంఘమూ చేసిన తీర్మానం కాదు, తాతల నాటి ఆచారం. పొరుగింటి కాసులమ్మ తన పొయ్యి మీద నీళ్ళు పోసింది. మిగతావాళ్ళూ పోశారు. తోటల్లో బెల్లం వండే పొయ్యి మాత్రం పొయ్యి కాదా అని మగాళ్ళు అక్కడా మంట మానేశారు. కొట్టిన చెరుకు ఎండిపోతుంటే తోటల ఆసాములు లబోదిబోమంటూ స్టేషన్‌కి పరిగెత్తారు. ఇన్ని చట్టాలు రాసిన పెద్దలకు పొయ్యి వెలిగించకపోవడం నేరమని రాయాలని తట్టలేదు, పాపం.

పిల్లలు చెరుకు నమిలి ఆకలి చంపుకున్నారు. చెరుకు కొట్టే అప్పలరమణ అది చూడలేకపోయాడు. ముద్ర వేసేస్తే పోతుంది కదా అన్నాడు. కాసులమ్మ విరుచుకుపడింది.

"రేపు నువ్వు పోతే నీ పెళ్ళాం సేతా ఏయించమంతావా?"

అప్పలరమణ ఇంకో చెరుకు గడ విరిచి పిల్లలకి పంచాడు.

సి.ఐ. మళ్ళీ వచ్చాడు. ముందు బుల్లమ్మ వెలిగిస్తే వీధంతా వెలిగిస్తుందని అతని లెక్క. ఆమె కదల్లేదు. కానిస్టేబుల్‌కి అగ్గిపెట్టె ఇచ్చి వెలిగించమన్నాడు. అతనిదీ ఈ ప్రాంతమే, కోటవురట్ల. పొయ్యి ముందు గొంతుక్కూచున్నాడు గానీ పుల్ల గీయలేదు.

"శవం లేవలేదండి. నా సేతుల్తో ఎలిగించలేనండి."

సి.ఐ. తనే గీశాడు. పొయ్యిలో తాటికమ్మలు అంటుకున్నాయి. బుల్లమ్మ లేచి బిందెడు నీళ్ళు మంట మీద కుమ్మరించింది. ఆమె ముఖంలో కోపం కూడా లేదు. ఏ కేసు అని కాసులమ్మ అడుగుతుండగానే బుల్లమ్మను జీపెక్కించారు.

జీపు అనకాపల్లి దారిలో తుమ్మపాల దగ్గరికొచ్చేసరికి తోటల్లో ఒక్క బెల్లం పొయ్యి నుంచీ పొగ లేదు. ఈ ఊళ్ళకి ఎవరు చెప్పారని సి.ఐ. గద్దించాడు.

"సావు కబురండి," అంది బుల్లమ్మ. "ఒకలు సెప్పాలేటి?"

రోడ్డు మీద జనం నిలబడి ఉన్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ పక్కకి తప్పుకోలేదు.