నకిలీ అని రాసిన సీసా

ఆ పరీక్షశాలలో ఆవిడను అందరూ జల్లెడమ్మ అనేవారు. మందుల కంపెనీలకు వచ్చే వేళ్లూ బెరళ్లూ అసలువో కావో తేల్చడం ఆవిడ పని. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమని వెనకాల నవ్వుకునేవారు గానీ, ఆవిడ సంతకం పెట్టిన కాగితాన్ని ఎవరూ రెండోసారి చూసేవారు కాదు. ఆ సంగతి తెలిసి ఆవిడ లోపల్లోపల మురిసిపోయేది. అలా మురిసిపోకపోయి ఉంటే ఈ కథే లేదు.

పన్నెండేళ్ల క్రితం ఆవిడ మేనమామ తోటలో పండిన వేళ్లు పరీక్షకు వచ్చాయి. ఆ మొక్కలో రెండు జాతులున్నాయి. ఆకు చూసినా పువ్వు చూసినా ఒకటే అనిపిస్తాయి, మందుకు పనికొచ్చేది మాత్రం ఒక్కటే. ఆ వేళ్లు పరీక్షకు రావడమే చాలా అరుదు. తేడా అంతా వేరులోని పదార్థాల్లో ఉంటుంది. అందుకని వచ్చిన వేరు రసం ఒక చుక్క, పరీక్షశాల పెరట్లో కుండీలో పెంచుతున్న అసలు మొక్క వేరు రసం ఒక చుక్క, గాజు పలక మీద పక్కపక్కనే పెట్టి ద్రావకంలో నిలబెడతారు. రెండూ చారలు చారలుగా పైకి పాకుతాయి. చారలు కలిస్తే అసలు, కలవకపోతే నకిలీ.

కలవలేదు.

అప్పుడే ఆవిడకు ఒక విషయం తట్టింది. అంతకు రెండేళ్ల ముందు, ఆవిడ సెలవులో ఉండగా కుండీలో మొక్క ఎండిపోయింది. నీళ్లు పోయమని ఎవరికీ చెప్పి వెళ్లలేదు మరి. తిరిగొచ్చి చూస్తే అదే కుండీలో ఒక చిన్న మొలక కనిపించింది. దీని గింజే రాలి మొలిచి ఉంటుందిలే అనుకుని, ఎండినదాన్ని పీకేసి, పాత చీటీనే మొలక పక్కన గుచ్చి ఊరుకుంది. కానీ రెండో జాతి కుండీ రెండడుగుల అవతలే ఉంది. దాని గింజ ఎగిరి వచ్చి పడి ఉండొచ్చు కదా? ఆ మాట పైకి అడగాలంటే ముందు మొక్కను ఎండబెట్టానని ఒప్పుకోవాలి. జల్లెడమ్మకు అది తల కొట్టేసినట్టయ్యే పని. పైగా వేళ్లు మేనమామవి, వెనకేసుకొచ్చిందని నలుగురూ అంటారు. ఆ వేళ్ల నమూనా దాచిన సీసా మీద 'నకిలీ' అని రాసి సంతకం పెట్టేసింది.

మేనమామ గొడవ చెయ్యలేదు. "నువ్వు చూశావు కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు. తోటంతా పీకించి, దాచుకున్న గింజలతో సహా తగలబెట్టాడు. అంతకుముందు తన దగ్గర సరుకు కొన్న వాళ్లందరి ఇళ్లకూ వెళ్లి, తెలియక తప్పు జరిగిందని చేతులు పట్టుకున్నాడు.

ఈ ఏడాది పరీక్షశాలకు జన్యువులు చదివే యంత్రం వచ్చింది. కొత్త ఆఫీసరమ్మ పట్టుబట్టి కుండీలనూ పాత సీసాలనూ ఒక్కటీ వదలకుండా చదివించింది. ఆ జాతికి మొదట పేరు పెట్టినవాళ్లు కాగితానికి అంటించి దాచిన ఎండుకొమ్మతో పోల్చి చూసింది.

"విచిత్రంగా ఉందండీ," అంది జల్లెడమ్మ ముందు కాగితాలు పరుస్తూ. "మన కుండీలోది రెండో జాతి. నకిలీ అని రాసిన ఈ సీసాలో ఉన్నదే అసలు. ఇది పండించిన వాళ్లెవరో కనుక్కోండి, మొక్క తెప్పించుకుందాం."

జల్లెడమ్మ సీసా మీద తన సంతకం చూసుకుంది.

"ఆ మొక్క ఇంక లేదు మేడమ్. కుండీలో మొక్క మార్చింది నేనే," అంది.

మర్నాడు మేనమామ ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో పాత కుర్చీకి నవారు అల్లుతున్నాడు.

"ఏంటి కోడలుపిల్లా, దారి తప్పావా? ఈసారి నన్ను కూడా సీసాలో పెడతావా ఏంటి?"

ఆవిడ నవ్వలేకపోయింది. సెలవూ, కుండీ, మొలకా, యంత్రం చెప్పిందీ, ఏదీ దాచకుండా అంతా చెప్పేసింది. ఆయన చేతిలో నవారు ఆగిపోయింది.

"తెలిసే రాశావా?"

"తెలిసి కాదు మావయ్యా. అనుమానం వచ్చింది. నోరు నొక్కేసుకున్నాను."

ఆయన తోట ఊసే ఎత్తలేదు.

"ఆ మొక్క మీ తాతయ్య నా చేతికిచ్చి పోయాడు. ఇది అసలుదిరా, జాగ్రత్త అని మరీ మరీ చెప్పాడు. నువ్వు నకిలీ అన్నాక, కన్నకొడుకునే మోసం చేశాడని ఆయన ఫోటో తీసి అటక మీద పడేశాను. పన్నెండేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను తల్లీ ఆ మనిషిని."

"నన్ను తిట్టు మావయ్యా."

"నిన్ను తిడితే ఆయనకి ఒరిగేదేముంది?" అంటూ లేచాడు. స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టి తడుముతుంటే స్టూలు ఊగింది. ఆవిడ వెళ్లి దాన్ని పట్టుకుంది. ఆయన కిందికి చూడకుండానే అన్నాడు: "ఆ సీసా మీద మాట మార్చు. ఎవరి మొక్క అని రాయాల్సొస్తే నా పేరొద్దు, మీ తాతయ్య పేరు రాయి."

పరీక్షశాలలో ఒక నియమం ఉంది. తప్పు రాసిన మాటను చెరపకూడదు, దాని మీద కాగితం అంటించకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట, కారణం, సంతకం, తేదీ రాయాలి. కొత్తగా చేరినవాళ్లందరికీ ఆ నియమం దగ్గరుండి నేర్పింది జల్లెడమ్మే.

ఆవిడ సీసా ముందు పెట్టుకుని గీత కొట్టింది. 'అసలు' అని రాసింది. తాతయ్య పేరు రాసింది. కారణం దగ్గర, కుండీలో మొక్క ఎండిన సంగతి దాచాను అని రాసి సంతకం చేసింది. ఆవిడ చేతిరాత మొదట్నుంచీ ముత్యాల్లా ఉంటుంది. గీత కింద పాత మాట, ఎవరైనా చదువుకునేంత స్పష్టంగా, అలాగే ఉంది.