టార్చి పట్టే మనిషి

మరిది వస్తున్నాడంటే ఆ ఇంట్లో ఎప్పుడూ సందడే. ఆ ఆదివారం మాత్రం గేటు చప్పుడు వినగానే ఆమె గుండెల్లో రాయి పడింది. ఎందుకొస్తున్నాడో ఆమెకి తెలుసు. ముందే ఫోన్ చేసి చెప్పాడు.

"వదినా, ఇంక నా వల్ల కాదు. ఆదివారం వచ్చి అన్నయ్యని కొట్టు తాళంచెవి అడిగేస్తాను. నువ్వు కాస్త ముందే చెవిన వేసి ఉంచు."

"నేనెందుకు వేస్తాను? మీ అన్న, మీ కొట్టు. నువ్వే అడుక్కో," అని ఫోన్ పెట్టేసింది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కొట్టు. ఇళ్ళకి కరెంటు వైరింగు చేస్తారు, మోటార్లు, గీజర్లు బిగిస్తారు. పని అన్నది, బేరం తమ్ముడిది. పోయిన నెలలో ఒక ఇంట్లో అన్న గీజరు బిగించి, ఎర్తు వైరు కలపకుండా వచ్చేశాడు. ఆ ఇంటావిడ కుళాయి తిప్పగానే షాకు కొట్టి వెనక్కి పడింది. మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది కాబట్టి తమ్ముడు కాళ్ళావేళ్ళా పడి ఆ గొడవ సర్దుకొచ్చాడు.

తమ్ముడికి తెలియనిది ఒకటుంది. గీజరు గొడవ జరిగాక భర్తని ఆమె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన్ని బయట కూర్చోబెట్టి డాక్టరు ఆమెతో ఒక్కదానితోనే మాట్లాడాడు. ఇది మామూలు మతిమరుపు కాదనీ, తగ్గేది కాదనీ, మెల్లగా పెరుగుతుందనీ చెప్పాడు. బయటికొచ్చి ఆమె, "ఒంట్లో విటమిన్లు తక్కువగా ఉన్నాయట" అంది. మరిదికీ అదే చెప్పింది. కొట్టు మూసే ఒక్క రోజుకే ఆయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. రోజూ ఇంట్లోనే ఉండాల్సి వస్తే ఏమైపోతాడో ఆమె ఊహించుకోలేకపోయింది.

మరిది చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. అన్న హాల్లో స్టీరియో ముందు కింద కూర్చుని ఉన్నాడు. పెళ్ళైన కొత్తలో ఆయన సొంతంగా కట్టుకున్న స్టీరియో అది. చెక్కపెట్టెలో ఆంప్లిఫైరు, చెరో పక్కన నడుమెత్తు స్పీకరు. ఏడాది కిందట దానికో చిన్న నల్లపెట్టె తెచ్చి తగిలించాడు. ఫోన్లో పాట పెడితే వైరు లేకుండానే ఆ పెట్టెకి అందుతుంది, పెట్టె దాన్ని ఆంప్లిఫైరుకి పంపిస్తుంది. వారం రోజులుగా అది మూగబోయింది. రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చుని, కాసేపయ్యాక ఏమీ మాట్లాడకుండా లేచిపోతున్నాడు.

"ఏం, 'చూశా' మాస్టారూ, దీనికీ నీలాగే చెవుడొచ్చిందా?" అన్నాడు మరిది, కొట్లో పనివాళ్ళు అన్నకి పెట్టిన పేరుతో.

"చెవుడు కాదురా, మొండితనం. మన ఇంటి నీళ్ళు తాగింది కదా. సరేగానీ, ఆదివారం పూట భార్యాబిడ్డల్ని వదిలేసి వచ్చావంటే ఏదో ఉంది. నసగకుండా చెప్పు."

మరిది వదిన వైపు చూశాడు. ఆమె మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి తల తిప్పుకుంది.

"ఏం లేదన్నయ్యా. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోకూడదూ? తాళంచెవి నా దగ్గరుంచుతాను. నేను చూసుకుంటాను కదా."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరుని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"గీజరు సంగతేగా," అన్నాడు చివరికి. "ఒక్కసారి పొరపాటు పడితే పని రాదనేనా? నీకు పిలకజుట్టు ఉన్నప్పుడు నీ చేత మొదటి ప్లగ్గు బిగించించింది ఎవడ్రా?"

"నువ్వే. కాదన్నానా?"

"అయితే కూర్చో. ఈ స్టీరియోని ఇప్పుడే, నీ కళ్ళ ముందే బాగుచేస్తాను. పలికిందా, తాళంచెవి మాట మళ్ళీ ఎత్తకూడదు. పలకలేదనుకో, నువ్వే పట్టుకుపో."

"అన్నయ్యా, ఇదేం పందెం..."

"కూర్చోమన్నానా! ఏమేవ్, టార్చి పట్రా."

ఆమె టార్చి తెచ్చి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఏ రిపేరుకైనా టార్చి ఆమెదే. దానికో పద్ధతుంది. ఏ పెట్టె విప్పాలన్నా ముందు ఆయన స్విచ్చి కట్టేసి "ఆఫ్" అంటాడు. పక్కనున్న మనిషి తన కళ్ళతో చూసి "చూశా" అనాలి. ఆ మాట వినబడితే తప్ప ఆయన చెయ్యి లోపలికి పోదు. కుర్రతనంలో ఆయనతో పనిచేసినతను, స్విచ్చి ఎవరో కట్టేశారనుకుని చెయ్యి పెట్టి అక్కడికక్కడే పోయాడు. అప్పటినుంచి ఆయన పెట్టుకున్న నియమం అది. కొట్లో పనివాళ్ళకీ అదే నేర్పాడు. వాళ్ళు ఆయన వెనకాల నవ్వుకుని 'చూశా' మాస్టారని పేరు పెట్టారు.

మరిది తన ఫోన్లో పాట పెట్టాడు. నల్లపెట్టె మీద నీలం దీపం కాసేపు మిణుకుమని, తర్వాత నిలకడగా వెలిగింది.

"అదిగో, ఫోను పెట్టెని పట్టుకుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది," అన్నాడాయన. గొంతులో పాత ధీమా వినిపించి ఆమె ప్రాణం లేచొచ్చింది. "ఫోన్లో సౌండు పెంచు. పెంచావా? పెట్టెకి కరెంటుంది. ఆంప్లిఫైరుకీ ఉంది. అయినా కూత లేదంటే..."

అక్కడ ఆగాడు. ఆ తర్వాతి మెట్టు కోసం ఆయన వెతుక్కోవడం ఆమెకి కనబడుతూనే ఉంది. పెట్టె నుంచి ఆంప్లిఫైరుకి వెళ్ళే వైరు చూడాలి. వెనకవైపు ఎరుపూ తెలుపూ పిన్నులు ఏ రంధ్రాల్లో ఉన్నాయో చూడాలి. ఇన్నేళ్ళు టార్చి పట్టిన మనిషికి ఆమాత్రం తెలుసు. పోయిన వారం దుమ్ము దులిపేటప్పుడే ఆమె గమనించింది. పాట లోపలికి వచ్చే రంధ్రాల్లో ఉండాల్సిన పిన్నులు, బయటికి పోయే రంధ్రాల్లో ఉన్నాయి. ఎప్పుడో ఆయనే పీకి, మళ్ళీ పెట్టేటప్పుడు తప్పు పెట్టాడు. సరిచేయడం ఎంతసేపు? కానీ ఆయనంతట ఆయనే కనుక్కుంటాడేమోనని వారమంతా ఆశగా చూసింది.

"లోపల పోయింది," అని తేల్చేశాడాయన. "మూత విప్పాలి."

కిందనున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వైపు వంగి ఒక స్విచ్చి నొక్కాడు. "ఆఫ్" అన్నాడు.

అదే బోర్డుకి తగిలించిన మూల టేబుల్ దీపం ఆరిపోయింది. ఆంప్లిఫైరు మీద ఎర్రదీపం అలాగే వెలుగుతోంది.

 వెనక సోఫాలో కూర్చున్న మరిదికి అన్నయ్య వీపే తప్ప ఎర్రదీపం కనబడదు. కాదంటే అంతా అయిపోయినట్టే. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు కాలు చాచి, బొటనవేలితో రెండో స్విచ్చి నొక్కింది. ఎర్రదీపం మెల్లగా కొడిగట్టి ఆరిపోయింది.

"చూశా," అంది.

ఆయన మూత విప్పాడు. లోపల అటూ ఇటూ చూశాడు. స్క్రూల్ని ఒక్కొక్కటీ వరసగా పేపరు మీద పెట్టాడు. ఆ వేళ్ళల్లో వణుకు లేదు, తడబాటు లేదు. ఆ వేళ్ళకి ఎటు వెళ్ళాలో చెప్పేవాడే తల లోపల లేడు. ఆమె టార్చిని కొంచెం వెనక్కి జరిపింది. వెలుతురుతో పాటే ఆయన కళ్ళు కూడా జరిగాయి. ఇంకొంచెం జరిపి, వెనకవైపు పిన్నుల మీద నిలిపి, చెయ్యి కదలకుండా పట్టుకుంది.

"ఓహో!" అన్నాడాయన. "పిన్నులు చూడు, ఎవడో తప్పు పెట్టి చచ్చాడు."

పీకి సరైన చోట గుచ్చాడు. మూత బిగించాడు. ఆమె రెండు స్విచ్చిలూ వేసింది. రెండు స్పీకర్లూ ఒక్కసారిగా గొంతెత్తాయి. ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి.

మరిది లేచి వచ్చి అన్న భుజాలు పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా బుద్ధి గడ్డితిందన్నయ్యా. క్షమించు. రేపు ఆ కొత్త బిల్డింగులో మెయిన్ బోర్డు బిగించాలి. వేరే వాణ్ణి మాట్లాడదామనుకున్నాను. నువ్వే రా. సాయానికి మన కొట్లో ఆ లావుపాటి కుర్రాణ్ణి ఇస్తాను."

"వాడా? 'చూశా' అంటాడుగానీ ఫోన్లోంచి తల ఎత్తడు సన్నాసి," అని ఆయన నవ్వాడు.

వంటింట్లోకి వెళ్ళబోతున్న ఆమె గుమ్మంలో ఆగిపోయింది. రేపటి మెయిన్ బోర్డు ఆమె కళ్ళ ముందు నిలిచింది. ఆయన "ఆఫ్" అంటాడు. వాడు తలెత్తకుండా "చూశా" అంటాడు. ఇంకొకరి మాట నమ్మి ఆయన చెయ్యి లోపలికి పోతుంది.

ఆమె వెనక్కి వచ్చింది. పాట ఆపింది.

"పందెం ఆయన గెలవలేదు," అంది మరిదితో. "ఆయన కట్టింది టేబుల్ లైటు స్విచ్చి. ఆంప్లిఫైరుది నేను కాలితో కట్టేశాను. పిన్నులు కూడా టార్చితో నేనే చూపించాను."

 ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత ముఖం ఎర్రబడింది.

"అబద్ధం. నేను ఇంట్లో పడి ఉండాలి దీనికి. అదీ దీని ఏడుపు."

"వదినా, ఏమిటిది? డాక్టరు విటమిన్లన్నాడుగా?"

"అనలేదు. అది నేను కల్పించిన మాట. తగ్గదన్నాడు."

"ఏరా, దాని మాట నమ్ముతావా, నా మాట నమ్ముతావా?" ఆయన మళ్ళీ కింద కూర్చున్నాడు.  "పీకెయ్ ఆ వైర్లు. పీకెయ్యరా! మళ్ళీ చేస్తాను. ఇదే మనిషి టార్చి పట్టాలి, కదపకుండా. నువ్వు ఈ పక్కకొచ్చి నిలబడి చూడు."

మరిదికి చేతులు రాలేదు. ఆయనే పీకేశాడు. మరిది వచ్చి ఆంప్లిఫైరుకి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె టార్చి వెలిగించి ఒకేచోట పట్టుకుంది. ఆయన బోర్డు మీదికి వంగాడు. రెండు స్విచ్చిల మీదా వేలు ఒకదాని తర్వాత ఒకటి ఆడింది. ఒకటి నొక్కాడు.

"ఆఫ్!" గట్టిగా అరిచాడు, వీధిలోకి వినబడేలా.

మూల దీపం ఆరింది. ఎర్రదీపం వెలుగుతోంది. మరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆయన స్క్రూడ్రైవరు గాల్లో ఆగింది. మూత అంచు దగ్గరే ఉంది, కానీ ముందుకి పోలేదు. ఎదురుచూస్తున్నాడు.

"చెప్పవేం?"

ఆమె టార్చిని అలాగే పట్టుకుంది.

"చూశా అను. పని ఆగిపోతోంది."

"అనలేనండీ."

"చూడకపోతే ఇప్పుడు చూడవే! కళ్ళు లేవా?"

"చూశాను కాబట్టే అనట్లేదు. వెలుగుతోంది."

ఆయన తల తిప్పి ఎర్రదీపం వైపు చూశాడు. తర్వాత స్విచ్చి వైపు. మళ్ళీ దీపం వైపు. ఆ రెంటికీ మధ్య ఉన్న దారి ఆయనకి దొరకలేదు. దొరకలేదన్న సంగతి మాత్రం అర్థమైంది. ముఖంలో కోపం పోయి ఆ చోట భయం వచ్చింది. అంతకుముందెప్పుడూ ఆమె ఆయన ముఖంలో భయం చూడలేదు. డాక్టరు మాట తానే వారం కిందట చెప్పేసి ఉంటే ఇంత జరిగేది కాదనిపించింది. కానీ వారం కిందట తనకి కావలసింది నిజం కాదు.

స్క్రూడ్రైవరు పేపరు మీద పెట్టి, ఆయన చొక్కా జేబులోంచి తాళాల గుత్తి తీసి తమ్ముడి ముందు పడేశాడు. మరిది ఇంటి తాళాలు వదిలేసి కొట్టు తాళంచెవి ఒక్కదాన్నే విడదీద్దామని చూశాడు. రింగు గట్టిది. కళ్ళు నీళ్ళతో మసకబారి గోరు జారుతోంది. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. గోరు విరిగి "స్స్" అన్నాడు.

"ఇలా తే, చవటా," అన్నాడాయన.

గుత్తి అందుకుని, రింగు అంచున బొటనవేలు ఆనించి, చూడకుండానే ఒక్క తిప్పులో తాళంచెవి ఊడదీసి తమ్ముడి అరచేతిలో పెట్టాడు.