లోపల వదిలిన గుడ్డ

“కిటికీ తెరకి కొన్నావా, నీకు కొన్నావా?” అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తి.

కొత్త డ్రెస్సు వేసుకుని ఆమె అప్పుడే గదిలోంచి వచ్చింది. వంగపండు రంగుది. ఛాతీ కింద చిన్న కుచ్చులు పెట్టి, అక్కడినుంచి చీలమండల దాకా వదులుగా వదిలేసిన గుడ్డ. ఆమె నవ్వింది. అతని జోకులకు ముందే నవ్వేస్తే త్వరగా అయిపోతాయని ఇన్నేళ్ళ కాపురంలో తెలుసుకుంది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి అందరి డబ్బాలూ సర్ది, అత్తగారి మాత్రలు తీసిపెట్టి, పిల్లల పళ్ళాల్లో మిగిలింది నిలబడే తినేసింది. తిండి పారబోస్తే అత్తగారు ఊరుకోదు. తిన్నా ఊరుకోదు. “నేనూ ఇద్దర్ని కన్నాను, నాకెప్పుడైనా ఇంత పొట్ట చూశావా?” అంటుంది. ఆ పొట్టలో ఇంటిల్లిపాదీ వాటా ఉందని చెప్పాలని ఆమెకు నాలుక చివరిదాకా వస్తుంది. చెప్పదు.

డ్రెస్సుల విషయంలో ఆమెకు తెలియని కిటుకు లేదు. అడ్డచారలను దరిదాపులకు రానివ్వకూడదు, నిలువు చారలు కాస్త నయం. మెరిసే గుడ్డ పొట్టను ఊరంతా చాటింపు వేస్తుంది. పల్చటిది ఒంటికి అతుక్కుంటుంది, మందపాటిది గుడారమై కూర్చుంటుంది. నడుముకి బెల్టు అన్నది ఎవరికోసం పుట్టిందో గానీ ఆమెకోసం మాత్రం కాదు. మెడ దగ్గర కాస్త కుట్టుపని ఉంటే చూసేవాళ్ళ కళ్ళు అక్కడే ఆగిపోయి కిందికి దిగవు. ట్రయల్ రూములో ముందు కళ్ళు మూసుకుని, పొట్ట లోపలికి పీల్చి, ఆ తర్వాతే కళ్ళు తెరిచి అద్దం చూసుకుంటుంది. రెండో కాన్పు ఆపరేషనయి, కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే భర్త ఒకసారి ఎగాదిగా చూసి, “ఇంకా లోపల ఒకరున్నట్టే ఉందే” అన్నాడు. ఈ చదువు ఆ రోజున మొదలైంది. ఆ తర్వాత తీసిన ఏ ఫోటోలోనూ ఆమెకు మెడ కింద మనిషి లేదు. ముందు పిల్లలుంటారు, లేదా కుర్చీ ఉంటుంది, ఏదీ లేకపోతే హ్యాండ్‌బ్యాగు ఉంటుంది.

బయటా అంతే. కంటి డాక్టరుగారి క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళను వరసగా పేర్లు పెట్టి పిలిచేది. కొత్త మేనేజరు వచ్చిన వారంలోనే “మీరు లోపల ఫైళ్ళు చూసుకోండి మేడమ్, మీకే హాయి” అన్నాడు. ముందు బల్ల దగ్గరికి సన్నగా ఉన్న ఒక అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయికి పని నేర్పింది కూడా ఈమే. ఫైళ్ళ గదికి కిటికీ లేదు. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేదాకా ఎవరితోనూ ఒక్క మాట ఆడని రోజులున్నాయి. ఇంట్లో మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు గానీ, ఆ మాటలన్నీ ఫలానాది ఎక్కడ పెట్టావన్న దగ్గర మొదలై, దొరికిందన్న దగ్గర ఆగిపోతాయి.

భర్త కిటికీ తెర అన్న ఆ డ్రెస్సుతోనే ఆ రోజు బస్సెక్కింది. బస్సు కిటకిటలాడుతోంది. ఆమె పై కమ్మీ పట్టుకుని నిలబడిందో లేదో, కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ తన పక్కసీట్లో టై కట్టుకుని ఫోను చూసుకుంటున్నాయన మోచేతి మీద తట్టింది.

“లేవండి నాయనా. ఆ అమ్మాయి ఒట్టి మనిషి కాదు, కనపడట్లేదా?”

ఆయన గొణుక్కుంటూ లేచాడు. ఆమెకు చెవులు వేడెక్కిపోయాయి. ఏరికోరి కొనుక్కున్న డ్రెస్సు చివరికి చేసిన నిర్వాకం ఇది. కాదండీ అని చెప్పబోయింది. కానీ తెల్లారకముందునుంచీ నిలబడే ఉన్న కాళ్ళు ఆమె నోటికోసం ఆగలేదు. కూర్చున్నాక పెద్దావిడ ఆమె చేతిలో సంచీ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

“ఏమన్నా తిన్నావా?” అంది.

ఆ మాట తనను ఎవరైనా ఎప్పుడడిగారో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు. నిజంగా కడుపుతో ఉన్నప్పుడు రెండుసార్లూ నెలలు నిండేదాకా ఇదే బస్సులో నిలబడి వెళ్ళింది, ఒక్కరూ లేవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దావిడ ఆమె చెయ్యి నిమిరి, ఇలాంటప్పుడు ఊరికే ఏడుపొస్తుందిలే, ఎన్నో నెల అని అడిగింది. ఐదని చెప్పింది ఆమె. ఆ అంకె ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

మర్నాటినుంచి పెద్దావిడ పక్కసీట్లో తన సంచీ పెట్టి చోటు ఆపడం మొదలుపెట్టింది. ఆవిడ పాత బట్టలు సరిచేసి ఇచ్చే దుకాణంలో మిషను కుడుతుంది. రాత్రి నిద్ర పట్టిందా, కాళ్ళు వాస్తున్నాయా అని రోజూ అడుగుతుంది. ఇంటి దగ్గర బరువులెత్తకు, మీవాళ్ళకు చెప్పు అంటుంది. ఆమె సరేనంటుంది. సిగ్గుగానే ఉంటుంది. అయినా ఆ సీట్లో కూర్చోగానే, పెళ్ళయినప్పటినుంచీ బిగబట్టినట్టున్న ఊపిరి దానంతటదే బయటికొస్తుంది. పొట్ట హాయిగా ముందుకొచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. దాన్ని చూసి ఎవరూ మొహం చిట్లించరు. పైగా జరిగి చోటిస్తారు.

ఇక్కడే ఒక చిక్కొచ్చిపడింది. నెలలు గడిచేకొద్దీ పొట్ట పెరగాలి కదా. ఇన్నేళ్ళూ పొట్ట కనపడని డ్రెస్సులకోసం దుకాణాలు గాలించిన మనిషి ఇప్పుడు కనపడేవాటికోసం తిరగసాగింది. అడ్డచారలది ఒకటి కొంది. ఇంట్లో ఎంత పీల్చినా తగ్గని పొట్ట బస్సులో సరిపోవడం లేదని దిగులు పడింది. ఆ దిగులుకు తనకే నవ్వొచ్చింది, నవ్వాక ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. నెలలు నిండితే ఏం చెప్పాలి? బస్సు మార్చుకోవాలా? కడుపు పోయిందని చెప్పాలా? ఆ ఆలోచనకు తన మీద తనకే అసహ్యం వేసింది. అన్నిటికంటే ఎక్కువ భయం మాత్రం వేరే ఉంది. లోపల ఇంకొకరున్నారంటేనే తనకు ఈ చోటు. లేరని తెలిస్తే రేపటినుంచి మళ్ళీ కమ్మీ పట్టుకుని నిలబడాలి, ఏమన్నా తిన్నావా అని అడిగేవాళ్ళు ఉండరు.

ఒకరోజు పెద్దావిడ కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి ఆమె ఒళ్ళో పెట్టింది. విప్పితే డ్రెస్సు. ఆకుపచ్చది, మెత్తటి నూలు గుడ్డ. దుకాణంలో పనయ్యాక కూర్చుని కుట్టానంది ఆవిడ. తను కడుపుతో ఉన్నప్పుడు నెలలు నిండేదాకా మిషను తొక్కిందట, ఒంటికి పట్టే బట్ట ఒక్కటి కూడా ఉండేది కాదట. డ్రెస్సు తిరగేసి పక్క కుట్టు చూపించింది.

“ఇదిగో, లోపల గుడ్డ వదిలాను. బిగుతైనప్పుడల్లా ఒక వరస విప్పుకో. ఒంటిని కష్టపెట్టకమ్మా.”

ఆమె ఆ కుట్టు మీద వేలు పెట్టి చూసింది. ఇప్పటిదాకా తను వేసుకున్న బట్టలన్నీ ఒంటిని తగ్గమన్నవే. ఈ ఒక్కటీ పెరిగినా పర్వాలేదంటోంది. అదీ తనకు కాదు, అబద్ధానికి. ఇంత మంచితనాన్ని దొంగతనంగా తీసుకోవడం ఆమెకు చేత కాలేదు.

“కడుపులో ఎవరూ లేరండీ,” అంది. “మొదటినుంచీ లేరు. నేనే ఉన్నాను.”

పెద్దావిడ మొహం ముడుచుకుపోయింది. దిగేముందు మాత్రం, “మరి నేనిది ఎవరికి కుట్టినట్టు?” అని అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది. బస్సు ఆగగానే ఆవిడ దిగిపోయింది. పొట్లం ఒళ్ళోనే ఉంది.

ఆ సాయంత్రం వంట మొదలుపెట్టకుండా ఆమె మంచం మీద కూర్చుని డ్రెస్సు పక్కలు ఒక వరస విప్పింది. వేసుకుని, ఈసారి కళ్ళు తెరిచే అద్దం ముందుకు వెళ్ళింది. పొట్ట ఉంది. ఎప్పుడూ ఉన్నంతే ఉంది. అన్నం ఏదని వెతుక్కుంటూ వచ్చిన భర్త గుమ్మంలో ఆగి, దీంట్లో ఇంకా లావుగా కనపడుతున్నావన్నాడు. ఈసారి ఆమె నవ్వలేదు.

“నేనింతే ఉంటాను,” అంది ఆమె.

మర్నాడు ఆ ఆకుపచ్చ డ్రెస్సుతోనే బస్సెక్కింది. పక్కసీట్లో పెద్దావిడ సంచీ లేదు. టై కట్టుకున్నాయన కూర్చుని ఉన్నాడు. పెద్దావిడ ఒకసారి ఆమెను చూసింది, చూపు డ్రెస్సు పక్కకుట్టు దాకా వెళ్ళి, విప్పిన వరస దగ్గర కాసేపు ఆగింది. తర్వాత కిటికీవైపు తిరిగిపోయింది. ఎవరూ చెప్పకుండానే ఆయన ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

“కూర్చోండి,” అన్నాడు.

మాట్లాడకుండా కూర్చుంటే సరిపోయేది. వద్దని నిలబడినా సరిపోయేది. ఆమె కమ్మీ వదిలి, కిటికీ పక్కనున్న మనిషికి కూడా వినపడేలా చెప్పింది.

“నేను ఒట్టి మనిషినేనండీ. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను. అలిసిపోయాను. కూర్చుంటాను.”