రంగులేని చుక్క

మేడమ్ క్లాసును నలుగురేసి జట్లుగా విడగొట్టిన రోజే నాకు ఒళ్లు మండింది. మైక్రోబయాలజీలో మూడు సెమిస్టర్లుగా ఫస్ట్ నాదే. ఇప్పుడు బాక్టీరియాకు రంగు పట్టించే ప్రయోగంలో తలా ఒక భాగం నేర్చుకుని మిగతా ముగ్గురికీ నేర్పాలట. పరీక్షరోజు చీటీ తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్లు మొత్తం చేసి చూపించాలి. ఆ మార్కులే నలుగురికీ.

నా జట్టులో నత్త పడ్డాడు. ఆ పేరు నేనే పెట్టాను. ఒక్కో వాక్యం రెండుసార్లు చదువుతాడు, కనబడ్డవాళ్లనల్లా అనుమానాలు అడుగుతాడు. వీడితో నాకేం పోటీ అని నిశ్చింతగా ఉన్నాను. కానీ వాడు తన భాగం చెప్పిన రోజు పక్క జట్లవాళ్లు కూడా స్టూళ్లు లాక్కుని వచ్చి కూర్చున్నారు. "ఇంకోసారి చెప్పవా?" అని ఎవరో అడిగితే విసుక్కోకుండా మొదటినుంచీ చెప్పాడు. మూడు సెమిస్టర్లలో నన్ను ఒక్కరూ అలా అడగలేదు. కుళ్లుకున్నాను, ఒప్పుకుంటాను.

నా భాగం స్లైడు మీది ఊదారంగును స్పిరిట్‌తో కడగడం. ఎక్కువ కడిగితే ఉండాల్సిన రంగూ పోతుంది, తక్కువైతే పోవాల్సింది మిగిలిపోతుంది. దానికో కిటుకుంది. స్లైడును ఏటవాలుగా పట్టుకుని కింద పడే చుక్కను చూడాలి. చుక్కలో రంగు పోగానే నీళ్లు పోసేయాలి. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే మా అక్క చెప్పింది. జట్టుకు మాత్రం, "స్పిరిట్ వేసి కాసేపాగి కడిగేయడమే," అన్నాను.

"కాసేపంటే ఎంతసేపు?" అన్నాడు నత్త.

"కాసేపంటే కాసేపే. పుస్తకంలో చూసుకో."

చీటీ వాడికొస్తే నా ఫస్టూ పోతుందని తెలుసు. అయినా వాడు అందరిముందూ నీళ్లు నమలడం చూడాలనిపించింది.

చీటీ వాడికే వచ్చింది. వాడు స్పిరిట్ సీసా అందుకోగానే నేను ముందుకు వంగి చూశాను. స్లైడును ఏటవాలుగా పట్టుకున్నాడు. ఒక్కో చుక్కనూ చూశాడు. రంగులేని చుక్క పడగానే నీళ్లు పోశాడు. మేడమ్ మైక్రోస్కోపులోకి చూసి తలెత్తి, "ఇంత బాగా ఎవరు నేర్పారు?" అన్నారు.

"తనే మేడమ్," అని నన్ను చూపించాడు.

నలుగురికీ యాభైకి యాభై. నా ఫస్టు నిలబడింది.

వరండాలో వాడిని పట్టుకున్నాను. "అబద్ధం ఎందుకు చెప్పావ్?"

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీకది తెలీదని ఆరోజే అర్థమైంది. అడిగితే కోప్పడ్డావ్ కదా. ఎప్పుడూ ఫస్ట్ వచ్చేదానివి, అందరిలో అంటే బాగోదని ఊరుకున్నా. పన్నెండు స్లైడ్లు పాడుచేస్తే గానీ నాకూ ఆ కిటుకు దొరకలేదు. మిగతా ఇద్దరికీ నేర్పి, నువ్వే చెప్పావని చెప్పాన్లే."

నాకు తెలుసని అరవాలనిపించింది. తెలుసంటే దాచానని చెప్పినట్టే.

"కావాలంటే ఇప్పుడు చెప్తా. రెండు నిమిషాలు," అన్నాడు.

"చెప్పు," అన్నాను.

తల ఊపుతూ మొత్తం విన్నాను. మా అక్క కంటే బాగా చెప్పాడు, ముదనష్టపోడు.