చొక్కా కాలరు మీది జీడి గుర్తు

ఇరవై రోజులుగా తుంపర ఆగలేదు. అరబ్బు దేశంలోని సలాలా మిలిటరీ క్యాంపు లాండ్రీలో ఆరేసిన బట్టలు మూడోనాటికీ ఆరక ముక్కిపోతుంటే, దొరలకు మాత్రం తెల్లారేసరికి ఇస్త్రీ కావాలి. కొండల మీద జనాన్ని కాల్చడానికి పోయేటప్పుడు మడత నలగకూడదు కాబోలు! పొద్దున్నుంచీ ఉడుకునీళ్ల తొట్టి దగ్గరే నిలబడి, చాకలి ఇస్తారి చేతుల తోలు ఊడుతోంది.

ఊళ్లో గడీ దొర బట్టలుతికి విసిగి జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడికి ఇక్కడ మూడు దేశాల దొరలు దొరికారు. సుల్తాను సైన్యాన్ని నడిపేది ఇంగ్లీషు ఆఫీసర్లు. ఇరాన్ షా పంపిన మేజరుకు గంజి తక్కువైందని గోల. జోర్డాన్ వాళ్లదొక గుడారం. అటు సుల్తాను మీద తిరగబడ్డ కొండవాళ్ల చేతుల్లో చైనా తుపాకులు. అందరూ సాయానికే వచ్చారట! చచ్చేది మాత్రం ఇక్కడివాళ్లు.

మధ్యాహ్నం ఇంగ్లీషు కెప్టెను పిలిపించాడు. బల్లమీద ఒక చొక్కా ఉంది. ఛాతీ దగ్గర రంధ్రం, చుట్టూ ఎండిన నెత్తురు.

లాండ్రీ మేస్త్రీ, హైదరాబాదు ఖమరుద్దీన్, దుబాసీ పని చేస్తున్నాడు. "నిన్న పహాడ్ మీద సచ్చినోని ఒంటి మీదిది. కాలర్‌కు నీ గుర్తుంది. ఇది క్యాంపుల ఎవని చొక్కానో చెప్పుమంటుండు సాబ్."

జీడిగింజ రసంతో మనిషికొక గుర్తు పెట్టడం ఇస్తారి కులవృత్తి. ఆ గుర్తులు ఏ పుస్తకంలోనూ లేవు, అతని తలలోనే ఉన్నాయి. మూడు చుక్కలు, కింద ఏటవాలు గీత. లాండ్రీకి నీళ్లు మోసే బఖీత్‌ది. వానకు కొండమీద తమ్ముడు వణుకుతున్నాడని, ఒక చొక్కా పంపానని మొన్న తనే చెప్పాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు, రెండో చొక్కా తొడుక్కుని తొట్టిలో నీళ్లు పోస్తూ. దాని కాలరుకూ అదే గుర్తు. నీళ్లవాడి మెడ వెనక చూడాలని కెప్టెనుకు ఇంకా తట్టలేదు.

"చెప్తే జీతం డబుల్. లేదంటే రేపటి విమానంల బొంబాయి," అన్నాడు ఖమరుద్దీన్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ మనిషిని మాత్రం బతకనియ్యరు, భాయ్."

గడీలో దొంగతనం జరిగినప్పుడు ఇస్తారి తండ్రి కూడా ఇలాగే ఒక తువ్వాల గుర్తు చదివాడు. ఆ తువ్వాల మనిషిని స్తంభానికి కట్టి చంపారు. చచ్చేదాకా తండ్రి ఆ వాడలో తలెత్తి నడవలేదు. సముద్రం దాటినా దొరలు అడిగే పని ఒకటే.

"నాకు ఎర్కలేదు," అన్నాడు ఇస్తారి.

"గుర్తు నీదే కదరా!"

"నాదే. ఎవనిదో చెప్ప. పంపిస్తే పంపియ్యుమను."

ఖమరుద్దీన్ ఆ మాటల్లో సగమే చెప్పాడు. కెప్టెను వాచీ చూసుకుని, ఆలోచించుకోవడానికి గంట టైమిచ్చాడు.

ఇస్తారి తిన్నగా తొట్టి దగ్గరికి నడిచాడు. "బఖీత్, కమీజ్ నికాల్. జల్దీ."

"మతర్, సదీక్!" వాన పడుతోంది నేస్తం అంటూ ఆకాశం చూపించి నవ్వాడు బఖీత్. వానలో చొక్కా విప్పమంటాడేమిటీ పిచ్చివాడు అనుకుంటూనే విప్పి ఇచ్చాడు.

ఇస్తారి కత్తెర తీసి కాలరు కోయడం మొదలుపెట్టాడు. బఖీత్ నవ్వు ఆగింది. కోస్తున్న చోటును చూశాడు, కెప్టెను గది వైపు చూశాడు.

"అఖూయ్?" అన్నాడు. నా తమ్ముడా అని అడుగుతున్నాడు.

ఇస్తారి తల ఎత్తలేదు. గుడ్డ తడిసి ఉంది, కత్తెరకు సరిగా తెగడంలేదు.